జత విప్పుడు ముచ్చట

నల్లగొండ గడియారం సెంటర్ల కొంచెంసేపు నిలబడి చూడుండ్రి. పాల క్యాన్లు కట్టుకొని పోయే బండాయన మెడల నల్లటి నెక్‌బ్యాండ్. కాలేజీ పోరగాండ్ల చెవులల్ల తెల్లటి బడ్స్. బత్తాయి లోడు ఎక్కించే హమాలీ మెడల కూడ అదే వేలాడుతుంటది. మా దిక్కు వీటన్నిటికి ఒకటే పేరు, బ్లూటూత్. "నా బ్లూటూత్ ఏడ పెట్టినవే అమ్మా" అని కొడుకు లొల్లి పెడుతున్నడంటే దిండు కింద వెతకాలె.

కొనుడు, కలుపుడు అందరికి వచ్చు. దుకాణంల పోరడే డబ్బా విప్పి, మన ఫోన్‌కు కలిపి, ఒక పాట వినిపించి మరీ పంపుతడు. కలిపినదాన్ని విడదీసుడు ఎట్లనో మాత్రం ఏ దుకాణంల చెప్పరు. వాళ్ళకేం లాభం? అందుకే ఇయ్యాల మనం ఆ ముచ్చట పెట్టుకుందాం. చాయ్ పక్కన పెట్టుకొని కూసోండ్రి.

కనగల్లు దిక్కు నాకొక దోస్తు ఉన్నడు, బత్తాయి తోట ఆయనకు. కొడుకు హైదరాబాద్‌ల నౌకరి చేస్తడు. మొన్న దసరాకు కొడుకు కొత్త ఫోన్ కొనుక్కొని పాతది నాయినకు ఇచ్చిండు. ఫోటోలు తీసేసిండు, వాట్సాప్ తీసేసిండు, సిమ్ మార్చిండు. ఇగ అయిపోయిందనుకున్నడు. మెడల నెక్‌బ్యాండ్ మాత్రం తనకాడనే ఉంచుకున్నడు. అది ఒకేసారి రెండు ఫోన్లను పట్టుకునే రకం.

ఒక ఐతారం నాయిన అరుగు మీద కూసున్నడు, కొడుకు లోపల మంచం మీద పండుకొని పాటలు వింటున్నడు. బత్తాయి కొనే దళారి నాయినకు ఫోన్ చేసిండు. నాయిన ఎత్తిండు. "హలో, హలో" అంటడు, అవతల చప్పుడే లేదు. లోపల కొడుకు చెవుల పాట ఆగింది, ఎవరిదో గొంతు గడగడ మాట్లాడుతున్నది: టన్నుకు ఇంత, తరుగు ఇంత, రేపే కోత. పిలగానికి సగం నిద్ర. ఆఫీసు ఫోన్ అనుకొని "సరే సరే అన్నా, తర్వాత మాట్లాడుదాం" అన్నడు. నెక్‌బ్యాండ్‌ల మైకు కూడ ఉంటది కదా, ఆ మాట దళారికి చక్కగ చేరింది. తెల్లారేసరికి కోత కూలీలతోని ట్రాలీ తోట కాడికి వచ్చి నిలబడ్డది.

"నేనెప్పుడు సరే అన్న?" అని నాయిన. "నా చెవులతోని విన్న కాకా" అని దళారి. ఇద్దరు చెప్పేది నిజమే. ఆ రోజు రేటు మీద ఎంతసేపు కొట్లాట అయిందో మీరే ఊహించుకోండ్రి.

అంతకు ముందే ఆయన ఆ ఫోన్ పట్టుకొని ఒక రిపేరు దుకాణం కాడికి పోయిండట. స్పీకర్ పోయింది, మార్చాలె అన్నరట. స్పీకర్ మంచిగనే ఉన్నది. కొడుకు లేని రోజు మాట వినబడుతది, ఉన్న రోజు వినబడదు. రోగం ఫోన్‌ల లేదు, జతల ఉన్నది.

ఈ జత అంటే ఏందో జెర వివరంగ చెప్తా. 1994ల స్వీడన్‌ల ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు ఫోన్‌కు, దాని సామానుకు నడుమ తీగ లేకుండ చేయాలని ఈ పనికి పూనుకున్నరు. 1998ల ఇంకో నాలుగు కంపెనీలు, ఇంటెల్, ఐబీఎం, నోకియా, తోషిబా, వాళ్ళతోని కలిసి ఒక సంఘం పెట్టుకున్నయి. ఏ కంపెనీ ఫోన్‌కైనా ఏ కంపెనీ ఇయర్‌ఫోన్ అయినా కలిసేది ఆ ఒప్పందం పుణ్యమే. మొదటిసారి జత కలిపినప్పుడు ఫోను, ఇయర్‌ఫోను కూడబలుక్కొని ఒక రహస్య సంఖ్య తయారు చేసుకుంటయి. 128 బిట్ల పొడుగు సంఖ్య. దాని నకలు ఫోన్‌ల ఒకటి, ఇయర్‌ఫోన్‌ల ఒకటి దాచిపెట్టుకుంటయి. మళ్ళ కలిసినప్పుడు మనల్ని ఏమీ అడగవు. సంఖ్య సరిపోయిందా, అయితే కలువు. అంతే.

దేవరకొండ పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కుండ్రి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్ళకు టికెట్ లేని ప్రయాణం వచ్చినంక ఆ బస్సుల కాలు పెట్ట జాగ దొరుకుడు కష్టమే. అంత రద్దీల ఎన్నో చెవులకు బ్లూటూత్‌లు ఉంటయి. ఒకరి పాట ఒకరికి ఎందుకు పోదు? 2.4 గిగాహెర్ట్జ్ కాడ ఉన్న రేడియో పట్టీని 79 దారులు చేసి పెట్టిన్రు. ఒక జత సెకనుకు 1600 సార్లు దారి మార్చుకుంట పోతది. ఏ క్షణంల ఏ దారికి దుంకాలెనో ఆ రెండిటికే ఎరుక. పక్క సీటు పిలగాని ఫోన్‌కు ఆ వరుస తెలవదు, అందుకే అది మీ పాటను పట్టలేదు. అంత కట్టుదిట్టంగ చేసిన జత మనం బటన్ నొక్కి ఆపితే తెగిపోతదా?

పానగల్లుల ఛాయా సోమేశ్వరుని గుడి మీరు చూసే ఉంటరు, నల్లగొండకు ఎంతో దూరం కాదు. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిల స్తంభం నీడ పొద్దంత కదలకుండ నిలబడుతది. బ్లూటూత్ జత కూడ అట్లనే, మనం ఎటు పోయినా వదలదు.

ఇక్కడ చాలామంది తప్పుతరు. ఫోన్‌ల బ్లూటూత్ ఆపుతరు, లేకపోతే ఇయర్‌ఫోన్ పేరు మీద నొక్కి డిస్‌కనెక్ట్ చేస్తరు. అది తలుపు దగ్గరికి వేసినట్టు మాత్రమే. సంఖ్య రెండు దిక్కుల భద్రంగ ఉంటది. సంగతి తేలాలంటే సెట్టింగ్స్‌ల బ్లూటూత్ కాడికి పోవాలె. ఇయర్‌ఫోన్ పేరు పక్కన చిన్న చక్రం బొమ్మ ఉంటది, ఐఫోన్‌ల అయితే గుండ్రంల ఐ అనే అక్షరం. దాన్ని నొక్కితే కొన్నిట్ల ఫర్గెట్ అని, కొన్నిట్ల అన్‌పెయిర్ అని కనబడుతది. అది నొక్కితేనే ఫోన్‌ల ఉన్న నకలు చెరిగిపోతది. మా దోస్తు ఫోన్‌ల ఈ ఒక్క పని చేసినం, ఆయన అరుగు మీద మాట ఆయనకే వినబడ్డది.

ఒక ఇంట్ల ఒకే రకం నెక్‌బ్యాండ్‌లు రెండు ఉంటే లిస్టుల పేరు కూడ ఒకటే కనబడుతది, ఏది ఎవరిదో తెలవక చెల్లెది తీసేస్తరు, లొల్లి మొదలైతది. కలిపిన రోజే అదే చక్రం లోపలికి పోయి పేరు మార్చి పెట్టుకోండ్రి. అమ్మది, చిన్నోనిది అని రాసుకున్నా నడుస్తది.

ఇంకో దిక్కు మిగిలే ఉన్నది. ఇయర్‌ఫోన్ లోపలి నకలు. ఫోన్‌ల చెరిపినా ఇయర్‌ఫోన్‌కు ఆ ముచ్చట తెలవదు, ఆన్ చేసినప్పుడల్ల పాత ఫోన్‌ను వెతుక్కుంటనే ఉంటది. దాన్ని తమ్మునికి ఇస్తున్నరా, అమ్ముతున్నరా, అప్పుడు రీసెట్ చేయాలె. నెక్‌బ్యాండ్‌కు అయితే బటన్ గట్టిగ నొక్కి పట్టుకోవాలె, బడ్స్‌కు అయితే పెట్టెల పెట్టి నొక్కాలె. ఎంతసేపు, ఏ బటన్, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. డబ్బాల వచ్చిన ఆ చిన్న కాయితం పారేయకుండ్రి, అది పనికొచ్చేది ఈ రోజే. దీపం రంగులు మార్చుకుంట కొట్టుకున్నదంటే లోపల ఖాళీ అయినట్టు. ఉల్టా కూడ జరుగుతది. ఇయర్‌ఫోన్‌ను రీసెట్ చేసి ఫోన్‌ల పాత పేరు అట్లనే ఉంచితే, ఫోన్ పాత సంఖ్య చూపెడుతది, ఇయర్‌ఫోన్ నువ్వెవరు అంటది. ఖరాబైంది అని కొత్తది కొనేటోళ్ళు ఇట్లనే కొంటరు. ఫోన్‌ల ఫర్గెట్ నొక్కి మళ్ళ కలుపుకుంటే మంచిగ నడుస్తది.

ఇప్పటి ఫోన్లల్ల ఇంకో కిరికిరి చేరింది. కొన్ని ఇయర్‌ఫోన్లు ఫోన్‌కే కాదు, మన గూగుల్ ఖాతాకు కూడ అతుక్కుంటయి. యాపిల్ ఎయిర్‌పాడ్స్ అయితే మన యాపిల్ ఖాతాకే. ఫైండ్ మై యాప్‌ల నుంచి తీసేయకుండ అమ్మితే కొనుక్కున్నోనికి ఇవి నీవి కావు అని ఫోనే చెప్తది, పాపం. మన నల్లగొండ, సాగర్ పోయే రోడ్డుకు దాపున ఇబ్రహీంపట్నం మండలం కొంగర కలాన్‌ల ఫాక్స్‌కాన్ కంపెనీ ఫ్యాక్టరీకి 2023 మే నెలల పునాది రాయి పడ్డది, అది ఎయిర్‌పాడ్స్ చేసే ఫ్యాక్టరీనే. తయారు చేసేటోళ్ళు మన పక్కనే ఉన్నంక విప్పుడు కూడ మనమే నేర్వాలె. పోయిన ఫోన్‌కు అయితే ఐఎంఈఐ నంబర్ ఉంటది, సీఈఐఆర్ పోర్టల్‌ల పెట్టి బ్లాక్ చేయించొచ్చు. ఇయర్‌ఫోన్‌కు ఆ నంబర్ ఉండదు, పోలీస్ స్టేషన్ కాడికి పోయినా బ్లాక్ చేసే సౌలత్ లేదు.

పాలమూరు దిక్కు ముచ్చట ఒకటి ఉన్నది. ఒక వాడల ఆడోళ్ళు బతుకమ్మ కోసం చందా వేసుకొని పెద్ద బ్లూటూత్ స్పీకర్ కొన్నరు. సంవత్సరం పొడుగూత అది వాడల ఇల్లిల్లు తిరిగింది, బర్త్‌డేకు ఒకరు, బారసాలకు ఒకరు, అందరి ఫోన్లు దానికి ఎరుకనే. సద్దుల నాడు బతుకమ్మలు దించి చప్పట్లు కొడుతున్నరు, పాట పెట్టినామె మలీద ముద్దలు తెచ్చేటందుకు ఇంటికి పోయింది. ఫోన్ ఆమె కొంగుల ఉన్నది. పది మీటర్లు దాటినంక, నడుమ గోడ అడ్డం వచ్చినంక బ్లూటూత్‌కు బలం ఉండదు, పాట తెగింది. ఎదురింట్ల పిలగాడు ఫోన్‌ల క్రికెట్ చూస్తున్నడు, ఖాళీ దొరికిందని వాని ఫోన్ స్పీకర్‌ను పట్టుకున్నది. నడుమ వాకిట్ల బతుకమ్మల ముంగట కామెంటరీ. చప్పట్లు ఆగినయి, ముసలమ్మ ఒకామె "ఎవడ్రా వాడు" అన్నది, తర్వాత అందరు ఒక్కపారి నవ్విన్రు. తెల్లారి స్పీకర్‌ను రీసెట్ చేసి ఇద్దరి ఫోన్లే కలిపిన్రు. నన్నడిగితే పాట పెట్టే ఫోన్ కొంగుల కాదు, బతుకమ్మ పీట పక్కన ఉండాలె.

అసలు పైలం ఉండాల్సింది కిరాయి కార్లతోని. పాట పెట్టేటందుకు మన ఫోన్ కలుపుతం, కాంటాక్టులు ఇయ్యాల్నా అని అడిగితే చూడకుండనే సరే నొక్కుతం. మన నంబర్లు, ఎవరు ఎప్పుడు ఫోన్ చేసిన్రో ఆ లెక్క, చాలా కార్లు లోపల దాచుకుంటయి. మన ఫోన్‌ల ఫర్గెట్ కొట్టినంత మాత్రాన కారు లోపలిది పోదు, కారు తెర మీద కూడ మన పేరు తీసేయాలె. జడ్చర్లల ఒక పెండ్లికి మాట్లాడుకున్న కారుల డ్రైవర్ తమ్మున్ని అడిగి ఆ లిస్టు తెరిపించిన. చిన్నగ లేదు అది. బిట్టు, మమ్మీ కొత్త ఫోన్, పెండ్లికొడుకు, లక్కీ, హనీ, మళ్ళ ఇంకో పెండ్లికొడుకు. నాది తీసేసినంక, మిగిలినయి కూడ తీసెయ్ తమ్మీ, పాపం ఎవరి నంబర్లో అన్న. "అట్లెట్ల సార్, అండ్ల సగం మంది మళ్ళ పిలిచే గిరాకీలే" అని తెర ఆపి బండి స్టార్ట్ చేసిండు.