సింకులో శచీతీర్థం

“ఏమండీ, ఉంగరం లేదు!”

మా ఆవిడ కేక విని, దిద్దుతున్న జవాబు పత్రాలు అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను. తడిచేయి ఎత్తి చూపించింది. ఉంగరపువేలు బోసిగా వుంది.

ఆ ఉంగరం మా అమ్మది. మూడు గ్రాములుంటుందో, లేదో. రాయీ రప్పా లేదు. వెనకవైపు అరిగి తీగలా అయిపోయింది. పోవడానికి నెల్లాళ్ల ముందు అమ్మ తన చేత్తో తీసి కోడలి వేలికి తొడిగింది. “వదులుగా వుంది, దారం చుట్టుకోమ్మా” అంది. ఇవాళ చుట్టుకుంటా, రేపు చుట్టుకుంటా అంటూ రెండేళ్లు గడిచాయి.

పోపులపెట్టె బోర్లించాం. బియ్యం డబ్బా గాలించాం. నారాయణగూడలో రెండు గదుల వాటాలో వెతకడానికి ఎంత చోటుంటుంది గనక! చివరికి నేనే అన్నాను:

“పొద్దున్న పనిమనిషి వచ్చిందా?”

“ఎనిమిదేళ్లనుంచి వస్తూనే వుంది” అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పక తప్పదు. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. కాళిదాసు శాకుంతలం కథ ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. శచీతీర్థంలో శకుంతల నీటికి నమస్కరిస్తుంటే ఉంగరం జారిపోతుంది, చేప మింగుతుంది, ఆ చేప ఓ జాలరికి దొరుకుతుంది. అతను ఉంగరాన్ని అమ్మజూపితే భటులు పెడరెక్కలు విరిచికట్టి, దొంగవంటూ కొడతారు. ఆ భటుల అధికారి రాజుగారి బావమరిది! జాలరి చెప్పిందల్లా నిజమేనని రాజుగారి దగ్గర తేలుతుంది, ఉంగరం విలువకు సరిపడా బహుమతీ ఇస్తారు. భటులు సిగ్గులేకుండా అందులో సగం పుచ్చుకుంటారు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు నేను భటుల గొంతు అనుకరిస్తే పిల్లలు పగలబడి నవ్వుతారు.

సాయంత్రం పనిమనిషి వచ్చింది. “అమ్మగారి ఉంగరమేమైనా చూశావా?” అని అడిగాను. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. ఈసారి అనుకరించలేదు, అంతే.

ఆవిడ చీపురు కింద పెట్టింది. కాసేపు మాట్లాడలేదు.

“అమ్మ సింకు కాడనే గద చేతులు కడుగుతది” అంది. “నల్లా ఇప్పకుండ్రి. కింద బుడ్డి వుంటది, గది ఇప్పి సూసిండ్రా సారూ?”

నేను సింకు పైనుంచి చూశానే గాని కిందికి వంగలేదు. వంగితే నిజంగానే ప్లాస్టిక్ సీసాలాంటిది వేలాడుతోంది. దాని అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, మురుగు కంపును పైకి రానివ్వవు. ఈ ఉపాయం పాతదే. లండనులో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో మరుగుదొడ్డి గొట్టాన్ని ఎస్ అక్షరంలా వంచి పేటెంటు తీసుకున్నాడు. నీరు వంపు దాటి పోతుంది, బరువైనది అడుగున కూర్చుంటుంది. నల్లా ధారగా వదిలితే మాత్రం అదీ కొట్టుకుపోవచ్చు. పోతే ఇంకేముంది? మూసీవైపు పోయే మురుగు కోసం అంబర్‌పేటలో కట్టిన ఒక్క శుద్ధి కేంద్రం సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అందులో మూడు గ్రాములు ఏ చేప మింగాలి, ఏ జాలరికి దొరకాలి?

బకెట్టు కింద పెట్టి, సీసా అడుగుభాగాన్ని ఎడమవైపు తిప్పాను. జిడ్డుకి చెయ్యి జారింది. గుడ్డ చుట్టి తిప్పితే ఊడింది. నల్లని నీళ్లు, చింతపండు పీచు, ఆవాలు, కాఫీ మడ్డి, మా అబ్బాయి చొక్కా బొత్తాం ఒకటీ బకెట్లో పడ్డాయి. ఆ కంపు వర్ణించను, మీరు భోజనం చేస్తూ చదువుతున్నారేమో! పనిమనిషి మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. పిడికిలి మూసి పైకి తీసింది.

ఉంగరం నా చేతికివ్వలేదు. కడిగి, కొంగుతో తుడిచి మా ఆవిడకే ఇచ్చింది.

“దారం సుట్టుకోవాలె అమ్మా, వదులున్నది” అంది.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను చెప్పవలసిన మాట ఒకటుంది. గొంతు సవరించుకుని, “చూడమ్మా, పొద్దున్న నేను...” అని మొదలుపెట్టాను.

“వాచరు సక్కగ కూసోలే సారూ, కారుతున్నది” అందావిడ, సింకు కిందికి చూస్తూ. నేను మళ్లీ వంగాను.