కోతలయ్యాక వెళ్దాంలే అనుకున్నా

ఎప్పుడూ మిరప, పత్తి గురించి రాసే నేను ఈరోజు మా అబ్బాయి కళ్ల గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

వాడికి 16 ఏళ్లు. ఏడాదిన్నరలో మూడుసార్లు కళ్లద్దాలు మార్చాం. ప్రతిసారీ సిలిండర్ పవర్ పెరుగుతోంది. దురదని ఎప్పుడూ కళ్లు నలుపుకుంటుంటాడు. అక్టోబర్‌లో డాక్టర్‌గారు టోపోగ్రఫీ స్కాన్ తీయించి కెరటోకోనస్ అన్నారు. నల్లగుడ్డు మీద గాజులా ఉండే కార్నియా పొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తుందట.

"క్రాస్‌లింకింగ్ ఇప్పుడే చెయ్యాలా సార్?" అని అడిగా.

"పెరుగుతోందో లేదో చూసి చేద్దాం. ఈ వయసులో తొందరగా పెరుగుతుంది, జనవరిలో తప్పకుండా రండి" అన్నారు.

జనవరి అంటే మిరపకోతలు. కూలీలు దొరకడమే గగనం. పిల్లాడు బాగానే చదువుకుంటున్నాడు కదా, కోతలయ్యాక వెళ్దాంలే అనుకున్నా. వెళ్లేసరికి మే వచ్చింది.

కుడికన్ను వంపు 50 నుంచి 53కి పోయింది. ఎడమది ఒకటి పెరిగింది. ఏడాదిలో ఒక డయాప్టర్ పెరిగినా జబ్బు ముదురుతున్నట్టే లెక్కట. పొర మందం కూడా చూస్తారు. మామూలు పద్ధతిలో చెయ్యాలంటే కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. మావాడికి కుడికంట్లో 430 ఉంది. ఇంకొన్నాళ్లు ఆగితే అదీ చేజారేది. నలభై దగ్గరపడి, వరస స్కాన్లలో మార్పు లేనివాళ్లకి మాత్రం చాలావరకు అవసరం రాదట.

రెండు కళ్లకీ చేయించాం. పైపొర తీసి, రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ చుక్కలు అరగంట వేసి, తర్వాత అరగంట అతినీలలోహిత కాంతి పెట్టారు. మూడు నాలుగు రోజులు నొప్పితో, నీళ్లు కారుతూ చీకటిగదిలోనే ఉన్నాడు.

ఇప్పుడు పెరగడం ఆగింది. కానీ చెరువుకట్టకి రివిట్‌మెంట్ చేస్తే కట్ట నిలబడుద్దేగాని, కొట్టుకుపోయిన మట్టి తిరిగి రాదు కదా. కుడికంటికి అద్దాలు చాలక గట్టి కాంటాక్ట్ లెన్స్ వాడుతున్నాడు. ఆ మూడు పాయింట్లు నా ఖాతాలోవే.

మందు కొట్టే తేదీ ఒక్కరోజు కూడా తప్పనివాణ్ణి, వాడి స్కాన్ తేదీ తప్పాను. మీ పిల్లలకి అద్దాల పవర్ మాటిమాటికీ మారుతున్నా, కళ్లు తెగ నలుపుకుంటున్నా ఒకసారి టోపోగ్రఫీ తీయించండి. చెయ్యాలా వద్దా అనేది డాక్టర్ తేలుస్తారు. ఆయన చెప్పిన తేదీకి తీసుకెళ్లడమే మన పని. కోతలు మళ్లీ ఏడాది కూడా వస్తాయి.