వాల్వు స్ప్రింగు ఎత్తు: ఒక గుమాస్తా జ్ఞాపకము

మా చింతాద్రిపేట కూవము నది వంపులో 1734వ సంవత్సరమున నేతగాండ్రకై ఏర్పడిన పేట. అరవమున తఱి యనగా మగ్గము. చిన్న మగ్గముల పేట యనుటయే ఈ పేరైనదని పెద్దలు చెప్పుదురు. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై నేను కొలువున కుదురునాటికి మగ్గముల చప్పుడు లేదు. మోటారు విడిభాగముల అంగళ్లును, లేతు పనివారి కొట్లును వెలసినవి. అట్టి కొట్టొకదానిలో నేను చిరకాలము లెక్కలు వ్రాసితిని.

1986లో ఒక టాక్సీ ఆసామి తన అంబాసిడరు సిలిండరు హెడ్డును తెచ్చెను. నెల్లూరు జిల్లావాడు, అప్పుచేసి బండి కొన్నవాడు. వాల్వు సీట్లు కాలి గుంటలు పడియుండెను. మేస్త్రీగారు సీట్లు కోసి, వాల్వులు రుద్ది, చీటీ చివర ‘స్ప్రింగుల క్రింద వాషర్లు, ఎత్తు కొలుచు కూలి’ అని వ్రాసి యొక పనిమీద ఊరికి పోయిరి. ఆసామి బేరమాడుచుండగా నాకు జాలి కలిగి, ఆ పద్దు కొట్టివేసితిని. కుఱ్ఱవాడు చీటీ ప్రకారమే బిగించి పంపెను.

కొలది దినములకే ఆతడు తిరిగి వచ్చెను. తిరుపతి యాత్రికులతో పోవుచుండగా, వేగము హెచ్చినంతనే ఇంజను తుమ్ములు తుమ్మి బలము విడిచినదట. యాత్రికులు వేరు బండి యెక్కిరి. బాడుగ పోయెను. ఆతడు నన్ను నిందింపలేదు. వాకిట కూర్చుండి చొక్కాతో ముఖము తుడుచుకొనుచుండెను.

మేస్త్రీగారు హెడ్డు విప్పించి, ‘‘గుమాస్తాగారూ, ఇట్లా రండి. ఈ కొలత మీరే చూడండి’’ అనిరి.

స్ప్రింగు తీసివేసి, వాల్వును దాని సీటులో నిలిపి, పైమూతను లాకులతో బిగించి, గట్టిగా పైకి లాగిపట్టిరి. స్ప్రింగు కూర్చుండు చోటునుండి ఆ మూత అడుగువఱకు గల దూరమే స్ప్రింగు ఎత్తు. సీటు కోసినకొలది వాల్వు హెడ్డులోనికి దిగి, దాని కాడ పైకి లేచును, మూతయు లేచును, స్ప్రింగు సాగి బిగువు తగ్గును. మిల్లీమీటరునకు 2 కిలోల చొప్పున బలమిచ్చు స్ప్రింగనుకొందము, ఎత్తు 1.5 మి.మీ. పెరిగిన 3 కిలోల నొక్కుడు పోవును. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు 2000 మార్లు తెఱచి మూసికొనవలెను. నొక్కుడు చాలనిచో అది క్యామును వెన్నంటి రాలేదు. చిత్రమేమనగా, ట్యాపెట్టు సందును మరతో సరిచేయవచ్చును గనుక ఈ లోపము పైకి కానరాదు. నెమ్మదిగా నడిపినంతకాలము బండి బుద్ధిమంతురాలే.

ఎనిమిది వాల్వులకును ఎనిమిది కొలతలు వచ్చినవి. వేడిపొగ వదలు వాల్వులే ఎక్కువ దిగియుండెను. అన్నిటికి ఒకే మందము వాషరు వేయుదమంటిని. మేస్త్రీగారు నవ్విరి. వాషరు ఎక్కువైనను కీడే: వాల్వు పూర్తిగా తెఱచునప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి విఱుగవచ్చును, క్యాము అరుగును. అప్పుడు కూడ మొత్తముమీద 1.5 మి.మీ. సందు మిగులవలెనని వారి లెక్క. ఒక్కొక్క వాల్వునకు వలసినంత మందమే వేసిరి. నేత పనివాడు పడుగును బిగించునట్లు వారు వ్రేలితో స్ప్రింగులు తాకి చూచుకొనిరి; ఆ తాకుటను మాత్రము నమ్మలేదు, మరల కొలిచిరి.

రెండవసారి కూలి తీసికొనలేదు. పోయిన బాడుగ నేనియ్యజాలనైతిని, నా జీతమంతటిది. మరునాడొక కొత్త ఖాతా పుస్తకమున గీతలు గీచి, ప్రతి హెడ్డునకును వాల్వుల వరుస, కోయుటకు ముందు ఎత్తు, తరువాత ఎత్తు, వేసిన వాషరు అని గళ్లు ఏర్పఱచితిని. ఆ గళ్లు నిండనిదే బిల్లు వ్రాయుట మానితిని. ఇందువలన కొందఱు బేరగాండ్రు నది కావలి పుదుపేటకు పోయిరి, యజమాని విసుగుకొనెను.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. ఆ పుస్తకము నా పెట్టెలో నున్నది. మొదటి పుటలో ఆ టాక్సీ నంబరును, దానికెదుట ఎనిమిది అంకెలును నా చేతివ్రాతలోనే యున్నవి.