కుంచెల ఊరు కుమానో

హిరోషిమా అనగానే మనవాళ్ళందరికీ మొట్టమొదట జ్ఞాపకం వచ్చేది 1945 ఆగస్టు 6వ తేదీ. ఆ నగరానికి వెళ్ళినవారెవరూ అక్కడి శాంతి ఉద్యానవనంలో కాసేపు మౌనంగా నిలబడకుండా తిరిగిరారు, రాకూడదు కూడాను. అయితే ఆ నగరానికి తూర్పుగా సుమారు 20 కిలోమీటర్ల దూరాన, కొండల నడుమ, కుమానో అనే చిన్న ఊరు ఒకటి ఉన్నది. జపాను దేశంలో తయారయ్యే కుంచెలలో నూటికి 80 పాళ్ళు ఆ ఒక్క ఊరివేనని చెబుతారు. బొమ్మలు వేసే కుంచెలు, అక్షరాలు దిద్దే కుంచెలు మాత్రమే కావు. ఆడవాళ్ళు ముఖానికి రంగు అద్దుకునే కుంచెలు కూడా. నన్ను ఆ ఊరికి నడిపించినవి ఈ కడపటివే.

మా తమ్ముడు హిరోషిమాలో ఇంజనీరు. వేసవి సెలవులకు నేను వాళ్ళింటికి వెడుతున్నానని తెలిసి, గుంటూరులో ఉన్న మా అన్నయ్య కూతురు ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో 6,000 రూపాయలున్నాయి. ఆ పిల్ల డిగ్రీ పూర్తిచేసి, పెళ్ళికూతుళ్ళను అలంకరించే పని ఏడాదిపాటు నేర్చుకొని, మాఘమాసంలో మొదటి పెళ్ళి ఒప్పుకున్నది. ఆ పెళ్ళివారిచ్చిన డబ్బే అది.

“అత్తయ్యా, జపాను కుంచెలు చాలా మంచివట. శ్రావణంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఈ డబ్బుకి ఎన్ని వస్తే అన్ని తెచ్చిపెట్టు” అన్నది. మళ్ళీ తనే, “బజార్లో 24 కుంచెల సెట్టు, తళతళలాడే సంచీతో సహా 2,000కే ఇస్తున్నారు. అదే కొనుక్కోమంటావా?” అని సందేహం వెలిబుచ్చింది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ విద్యలో ప్రవేశం ఎక్కడిది? కాని ఒక పిల్ల తొలి సంపాదన అది. దానితో కొనే పనిముట్టు మీదనే ఆమె రేపటి సంపాదన ఆధారపడి ఉన్నది. అంచేత ఊరికే దుకాణానికి పోయి కొనకుండా, తయారయ్యే చోటికే పోయి చూసి కొందామని నిశ్చయించుకున్నాను.

కుమానోకు రైలు లేదు. హిరోషిమాలో కురే మార్గపు రైలెక్కి, యానో అనే స్టేషన్లో దిగి, అక్కడినుంచి బస్సులో కొండెక్కాలి. మెలికలు తిరిగిన ఆ దారిన పోతూంటే సింహాచలం కొండమీదికి వెడుతున్నట్టే అనిపించింది. పైకెక్కేసరికి చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలాంటి సమతలం. నల్లపెంకుల ఇళ్ళు, ఇళ్ళ మధ్య చిన్న చిన్న వరిమళ్ళు. మేము వెళ్ళినప్పుడు కొన్ని మళ్ళలో నీళ్ళు పెట్టి ఉన్నాయి. తూనీగలు ఎగురుతున్నాయి. ఇది పరదేశమన్న సంగతి ఒక్క క్షణం మరచిపోయాను.

ఆ మళ్ళను చూస్తేనే ఆ ఊరి చరిత్ర సగం అర్థమవుతుంది. భూమి తక్కువ, నోళ్ళు ఎక్కువ. పూర్వం అక్కడి రైతులు కోతలు కాగానే నారా, యోషినో ప్రాంతాలకు కూలికి పోయేవారు. తిరిగివచ్చేటప్పుడు కూలిడబ్బుతో అక్కడి కుంచెలూ సిరాకణికలూ కొని, దారిపొడుగునా అమ్ముకుంటూ ఇల్లు చేరేవారు. పందొమ్మిదో శతాబ్దం నడిమి నాటికి, ‘ఒకరు చేసినవి మోసి అమ్మడమేమిటి, మనమే చేస్తే పోలా?’ అన్న ఆలోచన వచ్చింది. కొందరు వేరే ప్రాంతాలకు పోయి ఆ పని నేర్చుకొచ్చి ఊరందరికీ నేర్పారు. అదే ఇంటింటి పరిశ్రమ అయింది. 1975లో జపాను ప్రభుత్వం కుమానో కుంచెను సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

నడుమ ఒక గడ్డుకాలం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ప్రాథమిక పాఠశాలల్లో కుంచెతో రాసే పాఠాన్ని కొంతకాలం తీసివేశారు. రాసే పిల్లలే లేకపోతే కుంచెలెవరికి కావాలి? అప్పుడు ఆ పనివారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1955 ప్రాంతం నుంచి చిత్రకారుల కుంచెలూ, అలంకరణ కుంచెలూ చేయడం మొదలుపెట్టారు. 2011లో జపాను మహిళల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచకప్పు గెలిచినప్పుడు, ప్రభుత్వం ఆ అమ్మాయిలకు జాతీయ గౌరవ పురస్కారంతోపాటు జ్ఞాపికగా ఇచ్చినవి కుమానోలో చేసిన అలంకరణ కుంచెలే. దానితో ఈ కొండ ఊరి పేరు దేశమంతటా మారుమోగింది.

ఊళ్ళో 1994లో తెరిచిన కుంచెల ప్రదర్శనశాల ఒకటి ఉన్నది. లోపల నిలువెత్తు మనిషికి రెండింతలుండే బ్రహ్మాండమైన కుంచె ఒకటి వేలాడుతూ ఉంటుంది. దానికంటె నన్ను ఆకర్షించింది, ఒక మూల నేలమీద కూర్చుని పనిచేస్తున్న పెద్దావిడ. రాతకుంచెకు 70కి పైగా పనులున్నాయట. అందులో ఒకటి చూసి నాకు నవ్వు వచ్చింది. మేకవెంట్రుకల జిడ్డు పోగొట్టడానికి ఆవిడ వాటిమీద చల్లినది ఏమిటనుకున్నారు? ఊకబూడిద! మన అమ్మమ్మలు అంట్లు తోమిన బూడిదే. దాన్ని చల్లి, వేడిచేసి, తోలులో చుట్టి మెత్తగా నలుపుతారు. జిడ్డు పోయిన వెంట్రుక సిరాను చక్కగా పీలుస్తుందట.

ఆ పక్కబల్లమీద అలంకరణ కుంచె పని జరుగుతున్నది. వెంట్రుకలను తూచి, చిన్న గిన్నెలాంటి కొయ్యమూసలో కొనలు కిందికి వచ్చేటట్టు పోసి, మూసను టకటకమని తడుతున్నారు. ఆ తట్టడంలో వెంట్రుకలు వాటంతటవే సర్దుకొని మూస ఆకారం, అంటే గుండ్రమో కోలో, తెచ్చుకుంటాయి. తరవాత దారంతో బిగించి, తలకిందులుగా పడ్డ వెంట్రుకలనూ కొనలేని వెంట్రుకలనూ చిన్న కత్తి అంచున పట్టి ఒక్కొక్కటే ఏరేస్తారు. కత్తెర మాత్రం కొనలమీద పెట్టరు.

ఆ ఊరి విద్య రహస్యమంతా ఇక్కడే ఉన్నది. ఏ వెంట్రుకకైనా సహజంగా కొన సన్నబడుతుంది. ఆ సన్నని కొన చర్మానికి తగిలితే పట్టులా ఉంటుంది. ఆకారం కోసం కత్తిరించారా, కొన మొండిదై గుచ్చుకుంటుంది. ఆవిడ రెండు కుంచెలు నా చెంపకు ఆనించి చూపించింది. ఒకటి ఉన్నట్టే తెలియలేదు. రెండోది కొత్త చీపురులా గరగరలాడింది. ఎనిమిది తరగతుల పాఠం ఆ ఒక్క స్పర్శలో అయిపోయింది.

మా తమ్ముడు దుబాసీగా నిలబడితే, మేనకోడలి సంగతి చెప్పాను. ఆవిడ ధర చెప్పలేదు. ఆ పిల్ల కుంచెతో అద్దేది పొడా, తడా అని అడిగింది. ఆ ప్రశ్నలోనే ఎంపిక సూత్రమంతా ఉన్నది. జంతువుల వెంట్రుకపైన కంటికి కనిపించనంత సన్నని పొలుసులుంటాయి. అవి పొడిని పట్టుకొని కొద్దికొద్దిగా వదులుతాయి. అందుకే పౌడరుకూ, బుగ్గల రంగుకూ మేకవెంట్రుక మంచిది. ఉడుతవెంట్రుక ఇంకా మెత్తన, ధరా ఎక్కువే. తడిగా ఉండే ఫౌండేషన్, పెదవిరంగు వంటివాటిని మాత్రం జంతువుల వెంట్రుక పీల్చేసుకుంటుంది. రంగూ వృథా, కడగడమూ కష్టం. వాటికి నునుపైన సింథెటిక్ కుంచే తగినది, పైగా చవక. జంతువుల వెంట్రుకలు పట్టనివారికి పొడికి కూడా మంచి సింథెటిక్ కుంచెలు ఇప్పుడు దొరుకుతున్నాయి.

అంటే, ఖరీదు పెట్టవలసిన చోటు వేరు, పెట్టనక్కరలేని చోటు వేరు అన్నమాట. కుమానో దుకాణంలో 1,000 యెన్ల కుంచె ఉన్నది. 10,000 యెన్లు దాటినదీ ఉన్నది. వెయ్యి యెన్లంటే మనకు సుమారు ఐదారు వందల రూపాయలు. నేను బుగ్గల రంగుకు మేకవెంట్రుక కుంచె ఒకటి, కనురెప్పల రంగు కలపడానికి చిన్నది ఒకటి తీసుకున్నాను. రెండూ కలిసి 5,000 యెన్లు, అంటే మన డబ్బులో 3,000 లోపే. మిగతా డబ్బు పిల్లకు తిరిగి ఇచ్చాను. దానిలో 1,200 పెట్టి విజయవాడ బీసెంట్ రోడ్డులో నాలుగు సింథెటిక్ కుంచెలు ఏరుకున్నాము: ఫౌండేషన్‌కు ఒకటి, పెదవులకు ఒకటి, కనుబొమలు దిద్దే ఏటవాలు కుంచె ఒకటి, కల్యాణతిలకానికీ బుగ్గచుక్కకూ సన్నగీత కుంచె ఒకటి. 24 కుంచెల సెట్టులో ఇరవై దాకా సంచీకి అలంకారమే తప్ప ముఖానికి కావు. శ్రావణంలో మూడు పెళ్ళిళ్ళూ ఈ ఆరింటితోనే జరిగాయి.

కొనేటప్పుడు దుకాణంలోనే చేయదగిన పరీక్షలు చెబుతాను. ఇవి ఏ ఊళ్ళోనైనా పనికివస్తాయి. కుంచెను చెంపకు ఆనించి చూడండి, గుచ్చుకుంటే వదిలేయండి. వేళ్ళతో వెంట్రుకలను మెల్లగా లాగండి. ఒకటి రెండు రాలితే రాలవచ్చు, గుప్పెడు రాలితే వద్దు. పిడికీ వెంట్రుకలకీ నడుమనున్న లోహపు పట్టును కదిలించి చూడండి. వదులుగా ఉంటే నాలుగు కడుగుళ్ళకు ఊడివస్తుంది. వెంట్రుకలను ఒక పక్కకు వంచి వదిలితే తిరిగి నిలబడాలి. ఇంకొక మాట. సన్నగీతల కోసం చిత్రకారుల కుంచెలు కొనేవారున్నారు. ముంగిస వెంట్రుకతో చేసినదని ఎవరైనా గొప్పగా చెబితే ముట్టుకోకండి. ముంగిసను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది. ఆ కుంచె అమ్మడమూ కొనడమూ నేరమే.

ఇక వాడే పద్ధతి. మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు, కుంచెను సున్నం వేసే బ్రష్షులా అదిమి రాయడం. అదిమితే కొనలు వంగిపోయి, రంగు చారలు కడుతుంది. పని చేయవలసింది కొన. పౌడరులో మెల్లగా అద్ది, పిడిని చేతి అంచుమీద ఒకసారి తట్టి, ఎక్కువైన పొడిని రాల్చి, అప్పుడు ముఖానికి తాకించాలి. ఫౌండేషన్ ముక్కు దగ్గర మొదలుపెట్టి బయటికి, చివరకు గడ్డం కిందిదాకా, మెడతో కలిసిపోయేటట్టు పలచగా సాగదీయాలి. బుగ్గల రంగు చెంప ఉబ్బుమీద మొదలుపెట్టి కణతవైపు తేలికగా తీసుకుపోవాలి. కనురెప్పమీద ముందు రంగు అద్ది, ఆ తరవాత చిన్న కుంచెతో రెప్ప మడతలో అటూ ఇటూ విసనకర్ర ఊపినట్టు ఊపితే అంచు కరిగిపోతుంది. పిడిని ఎంత వెనకగా పట్టుకుంటే చెయ్యి అంత తేలికగా ఉంటుంది. మన కోస్తా ఉక్కలో ఒక్కసారే దట్టంగా పూయడం కంటె, పలచగా రెండుసార్లు అద్దడం మేలు.

ఎంత మంచి కుంచైనా శుభ్రం లేకపోతే దండుగే. ఇంట్లో ఒక్కరే వాడుకునేదైతే వారం పది రోజులకొకసారి కడగాలని చర్మవైద్యులు చెబుతారు. పదిమందికి అలంకరించేవారు ఒకరికి వాడిన కుంచెను శుభ్రం చేయకుండా మరొకరికి తాకించకూడదు. చర్మవ్యాధులూ కళ్ళకలకలూ అలాగే పాకుతాయి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం షాంపూ వేసి, వెంట్రుకలను కిందికి ఉంచి కడిగి, బట్టతో ఒత్తి, బల్ల అంచున వెంట్రుకలు గాలికి ఉండేటట్టు పడుకోబెట్టాలి. తడికుంచెను గ్లాసులో నిలబెడితే నీరు పట్టులోకి దిగి జిగురు కరుగుతుంది. కడగడం కోసమైనా ఫౌండేషన్ కుంచె మాత్రం రెండు ఉండడం మంచిది.

కుమానోలో ఏటా సెప్టెంబరులో, పగలూ రాత్రీ సమమయ్యే రోజున కుంచెల ఉత్సవం జరుగుతుంది. ఆనాడు అరిగిపోయిన కుంచెలను పెంటమీద పారవేయరు. గుడి దగ్గరికి తెచ్చి, ఇంతకాలం సేవచేసినందుకు కృతజ్ఞత చెప్పి, అగ్నికి అర్పిస్తారు. మనం దసరాకు ఆయుధపూజ చేస్తాము. కత్తీ కొడవలీ గంటమూ పూజలో పెడతాము. వంటింటి గరిటె మొదలు మోటారుబండిదాకా బొట్టు పెడతాము. ముఖానికి బొట్టు పెట్టే కుంచెను ఎవరూ ఆ వరుసలో పెట్టినట్టు నేను చూడలేదు. దానితో అన్నం తినే ఆడపిల్లలు మన ఊళ్ళలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఈసారి దసరాకు మా ఇంటి పీటమీద దానికీ చోటిస్తామని మా వదిన చెప్పింది.