గేటు దగ్గర పాలు

మేముండేది ఇంగ్లండ్‌లో, సోమర్సెట్ పల్లెల్లో. మా ఇంటికి మైలు దూరంలో ఒక పాడి రైతు ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే ఆయన కొట్టంలో లైటు వెలుగుతుంది. క్రిస్మస్ నాడైనా సరే, రెండు పూటలా పాలు పితకాల్సిందే. ఆవులకి పండగలేం తెలుసు!

ఆ పాలకి ధర చెప్పేది మాత్రం కొనే కంపెనీయే. 1933లో పెట్టిన మిల్క్ మార్కెటింగ్ బోర్డు ఇక్కడి రైతులు పోసిన పాలు కొని, అందరికీ ఒక లెక్క ప్రకారం డబ్బిచ్చేది. 1994లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి బేరం వాళ్ళదే. ధర నచ్చలేదని దాచుకోవడానికి పాలేమైనా ధాన్యమా? మదనపల్లె మార్కెట్లో టమాటా రైతుని చూసినవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

మేమొచ్చిన కొత్తలో ఊళ్ళో మూడు పాడి కొట్టాలుండేవి. ఇప్పుడిదొక్కటే. కిందటేడు పక్క రైతు మందని వేలం వేసినప్పుడు, లారీ ఎక్కుతున్న ఒక్కో ఆవునీ ఆయన భార్య పేరు పెట్టి పిలుస్తూ నిలబడింది.

మిగిలిన ఈ రైతు గేటు దగ్గర పాల మిషను పెట్టాడు. డబ్బులు వేసి మన సీసాలో పట్టుకోవడమే. సూపర్‌మార్కెట్ కన్నా ధర కాస్త ఎక్కువే. మీగడ తియ్యని పాలు కదా, తోడు పెడితే పెరుగు గడ్డలా తోడుకుంటుంది. గుంటూరు నించి వచ్చిన మా అత్తగారు కూడా వంక పెట్టలేదు!

వారానికి నేను కొనే నాలుగు లీటర్లతో ఆయన కొట్టం నిలబడిపోదు. కానీ రైతు తన పాలకి తనే ధర చెప్పే చోటు ఊళ్ళో ఒక్కటైనా ఉండాలి.