పాడేవారి వెంట



ఆదివారం ఆరాధన అయ్యాక నిడదవోలులో మన యౌవనస్థులు చాపలు చుట్టకుండా కూర్చుని, ఇష్టమైన గిటారిస్టుల గురించి మాట్లాడుకుంటారు. ఒకరు జిమీ హెండ్రిక్స్ అంటారు, ఒకరు జాన్ మెక్‌లాఫ్లిన్ అంటారు. ఫోనులో వినిపించి, ఆ ముక్క తామూ వాయించి చూపుతారు. వినడం మాకూ ఇష్టమే. జి, సి, డి కార్డ్స్ మూడే వచ్చిన ఒక తమ్ముడు మాత్రం గిటారు ఇంటి దగ్గర వదిలి వస్తున్నాడు. "వాళ్ల ముందు నాదేం వాయింపు, అయ్యగారూ?" అన్నాడు.

ఆ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో మాండొలిన్ వాయించిన ఉప్పలపు శ్రీనివాస్ 1969లో మన పాలకొల్లులోనే పుట్టాడు. ఇక్కడ నరసాపురం రైలెక్కితే దారిలో ఆ ఊరు. చిన్నతనంలో తండ్రిగారి మాండొలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. మమ్మల్ని పట్టుకున్నది ఈ సంగతే. 1 సమూయేలు 16లో సౌలు కబురు పంపేనాటికి దావీదు గొర్రెల దగ్గరే ఉన్నాడు. వాయించడం అప్పటికే వచ్చు. ఎవరు నేర్పారో అక్కడ రాసి లేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం ఉంటాయి, కార్డ్స్ ఉండవు. మన పెద్దమ్మగారు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఆమెకే తెలియదు! బుధవారం కూడికలో తమ్ముడిని ఆమె పక్కన కూర్చోబెట్టాం. ఆమె పాడుతుంటే క్యాపో జరుపుకుంటూ వెతికాడు. రెండో చరణానికి దొరికింది. అమ్మగారు ఆగి, "మొదటినుంచి ఎత్తుకోనా, అబ్బాయీ?" అన్నారు.