రేసులో ముదిరిన గేర్‌బాక్సు, బయోడైవర్సిటీ దగ్గర మా చిన్నోడు

పోస్టు కొంచెం పొడుగైంది. డ్రైవర్ పని చేసేటోళ్లు, చేద్దామనుకునేటోళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి.

మేం నలుగురం ఉట్నూరు, కెరమెరి దిక్కు నుంచి వచ్చి కొండాపూర్‌లో ఒకటే రూములో ఉంటున్నాం. ఇద్దరం చదువు, ఒకరు డెలివరీ. అందరికంటే చిన్నోడు ఒక ట్రావెల్స్‌లో డ్రైవర్, కంపెనీ సార్లను హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి తిప్పుతాడు. లోడు మీదున్న బొలెరోను కెరమెరి ఘాట్ ఎక్కించి చెయ్యి తిరిగినోడు. డ్రైవింగ్ రాదని వాణ్ని ఎవరూ అనలేరు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం వానికి కొత్త బండి ఇచ్చారు. ఏడు గేర్ల డీసీటీ, డ్రై క్లచ్‌ది. ఆటోమేటిక్, తోల్తే పోతది అన్నారు, అంతే. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఎత్తు మీద ట్రాఫిక్ ఆగింది. ముప్పావుగంట సేపు అడుగు కదలడం, ఆగడం. బండి వెనక్కి జారకుండా వీడు బ్రేకు తొక్కకుండా, ఎక్సలేటర్ మీద కొంచెం కాలు పెట్టి ఆపుతున్నాడు. ఘాట్ మీద హాఫ్ క్లచ్‌తో ఆపే అలవాటు కదా. మొదట కాలిన వాసన వచ్చింది. తర్వాత గేర్‌బాక్స్ వేడెక్కిందని తెర మీద పడింది. ఇంక బండి కదల్లేదు. వానల, వెనక హారన్ల మధ్య, లోపల సారు ఫోన్‌లో ఎవరికో తిట్టుకుంట కూసున్నడు.

క్లచ్ కాల్చినవని ఓనర్ జీతంలోంచి 40 వేలు కోస్తానన్నాడు. అది సరే. "అడవిలకెల్లి వచ్చినోళ్లకు ఇసొంటి బండి ఇస్తే గిట్లనే అయితది" అన్నాడు. చిన్నోడు ఆ రాత్రి అన్నం తినలేదు. మాకు నిద్ర పట్టలేదు. అప్పుడు కూసొని, అసలు ఈ డీసీటీ ఏందో చదివినం.

ఇది రేసులో ముదిరిన గేర్‌బాక్సు. పోర్షే వాళ్లు 1980లలో తమ 956, 962 రేసు కార్లలో పెట్టి పరీక్షించారు. 1986లో మోంజా రేసు దానితో గెలిచారు. మామూలు జనం కొనే కారులోకి 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్, తర్వాత పోర్షే 911 కూడా అదే దారి పట్టాయి.

దీంట్లో క్లచ్‌లు రెండు. ఒక క్లచ్‌కు 1, 3, 5, 7 గేర్లు. ఇంకో దానికి 2, 4, 6. మూడో గేరులో ఉరుకుతుంటే కంప్యూటర్ ముందే నాలుగో గేరు వేసి పెట్టుకుంటది. మార్చాల్సినప్పుడు ఒక క్లచ్ వదిలి ఇంకోటి పట్టుడే. చక్రాలకు పోయే బలం దాదాపు తెగదు. రిలేలో బ్యాటన్ ఇచ్చేటోడు ఆగడు, తీసుకునేటోడు కూడా అప్పటికే ఉరుకుతుంటడు కదా, అట్లా.

ట్రాక్ మీద అసలు పరీక్ష మలుపు ముందు బ్రేకు కొట్టినప్పుడు. ఆరో గేరు నుంచి మూడుకు దిగాలి. 6, 4 ఒకే క్లచ్ మీదివి కాబట్టి సాధారణంగా 5 మీదుగా ఒక్కొక్కటే దిగుతది. ప్రతిసారీ ఇంజన్‌ను కొంచెం లేపి చక్రాల వేగానికి కలుపుతది, లేకపోతే వెనక చక్రాలు జారతాయి. డ్రైవర్ తొందరపడి ప్యాడిల్ ముందే నొక్కితే మాట వినదు, ఇంజన్ హద్దు దాటి తిరుగుతదని. నాలుగు వేసి రెడీగా ఉన్నప్పుడు నువ్వు హఠాత్తుగా రెండు అడిగితే మాత్రం కొంచెం తడబడతది. దాని అంచనా తప్పింది మరి.

మాకు కళ్లు తెరిపించింది ఇదీ: ట్రాక్ మీద క్లచ్ జారే సమయం చాలా తక్కువ. పట్టిందంటే గట్టిగా పట్టే ఉంటది. అయినా ల్యాపు మీద ల్యాపు కొడితే వేడి పెరుగుతది కాబట్టి పెద్ద కార్లలో క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటయ్, ఆ నూనెకు కూలర్ ఉంటది. చిన్న బండ్లలో చాలావాటికి నూనె లేని డ్రై క్లచ్. మామూలుగా తోలితే చాలు. సైబరాబాద్ ట్రాఫిక్‌లో పాకితే మాత్రం క్లచ్ నిమిషాల తరబడి అరిగి కాలుతుంటది. పాత రకం ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటది, అక్కడ ఆ జారుడును నూనె మోస్తది. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే, రెండు పెడల్లు. రేసు బిడ్డకు సాయంత్రం ఆరు గంటల బయోడైవర్సిటీయే గండం.

అట్లని చిన్నోని తప్పు లేదని అనం. ఎక్సలేటర్ మీద ఆపుడు తప్పే. కానీ తాళంచెవి ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పనిది ఎవరు?

బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఆ పేజీ దొరికింది. ఎత్తు మీద ఎక్సలేటర్‌తో ఆపొద్దని అచ్చు వేసి ఉంది. అది పట్టుకొని నలుగురం ఓనర్ దగ్గరికి పోయినం. ఈ పుస్తకం మావోనికి ఎప్పుడు చూపించినవ్ సార్ అని అడిగినం. చాలాసేపు గొడవ. చివరికి 40 వేలు 15 వేలయింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మనోళ్లు చాలామంది డ్రైవింగ్‌లోకి వస్తున్నారు కాబట్టి చెప్తున్నాం. డీసీటీ బండి ఎత్తు మీద ఆగితే బ్రేకు పూర్తిగా తొక్కండి. ముందు బండి జానెడు జరిగిందని మీరు జరగకండి, కొంచెం జాగా కానిచ్చి ఒకేసారి పోండి. వేడి వార్నింగ్ వస్తే పక్కకు తీసి 'పీ'లో పెట్టి చల్లారనివ్వండి. సారు తొందర చేసినా సరే.

స్పోర్ట్ మోడ్ ఉంది కదా అని రాత్రిపూట రోడ్డును ట్రాక్ చేయకండి. అదే బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబర్ 4న తెరిచారు. 23న పైనుంచి ఒక కారు కిందికి పడింది, కింద రోడ్డు పక్కన ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమెకు ఆ కారుతో ఏ సంబంధం లేదు.

చిన్నోడు ఆ ట్రావెల్స్ మానేసి ఇంకో దాంట్లో చేరిండు. కొత్త బండి తాళంచెవి చేతికి రాగానే మొదలు అడిగింది, "డ్రై క్లచ్చా, వెట్ క్లచ్చా సార్?" అని. ఆ సూపర్‌వైజర్‌కు తెల్వదట. లోపలికి పోయి కనుక్కొని వచ్చిండు.